ఫోన్‌లో ఆడగొంతు

తాళాల కొట్టు, మేడమీద గది
సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఒంట్లో బాగానే ఉంది, బాగా లేనిదల్లా బుర్ర.

మా కొట్టుకి ఎదురుగా రత్నాల దుకాణం ఉంది కదా. అందులో రాళ్ళు తూచే మనిషి ఒకామె ఉంది. వీధిలో అందరూ ఆమెను తక్కెడ అంటారు. ముప్ఫై దాటి ఉంటాయి. పోయిన నెల అల్మారా తాళంచెవి విరిగిందని వచ్చింది. ముక్కలు రెండూ నా అరచేతిలో పెట్టి "ఎంతసేపు పడుతుంది?" అంది. పది నిమిషాల పని. గంట పడుతుందన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ గంటలో నా ఆకురాయి ఎన్నిసార్లు జారిందో నీకు చెప్పను, నవ్వుతావు.

తూచేటప్పుడు ఊపిరి బిగబట్టాలట అక్కా. ఊపిరి తగిలితే ముల్లు కదులుతుందట. పదకొండేళ్ళుగా అదే పని. "ఇప్పుడు ఇంటికెళ్ళినా ఊపిరి తీసుకోవడం గుర్తు చేసుకోవాల్సి వస్తోంది" అంది. రోజూ సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు యజమాని ఆమెను ఎదురుగా నిలబెట్టి, జేబులు తిప్పి చూపించమంటాడట. జడ విప్పి దులపమంటాడట. పదకొండేళ్ళుగా అదీ రోజూ ఉన్నదే. చెప్పేటప్పుడు ఆమెకు కోపం కూడా రాలేదు. నాకే ఒళ్ళు మండింది.

అప్పటినుంచి రోజుమార్చి రోజు వస్తోంది. నిన్న వెళ్ళబోతూ, వాళ్ళ ఇనపగది తలుపుకి ఎలాంటి తాళం ఉంటుందో తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. మూడేళ్ళ కిందట దాన్ని బాగుచేసింది నేనే.

అంతే. ఇంకేం లేదు.

తమ్ముడు


ఆసుపత్రి, బట్టల గది
శుక్రవారం

ఒరేయ్,

"ఇంకేం లేదు" అని నువ్వు రాశావంటే చాలా ఉందని అర్థం. నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని, నాకా చెబుతావు?

ఇక్కడ ఇస్త్రీ రోలరు పాడై రెండు రోజులైంది. వార్డుల వాళ్ళు దుప్పట్లు దుప్పట్లు అని నా ప్రాణం తోడేస్తున్నారు. అంత పనిలోనూ నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు అర్థం కానిది ఒక్కటే. ఆమె నిన్ను చూసి వస్తోందా, నీ చేతుల్ని చూసి వస్తోందా?

మగాడికి ఈ తేడా తెలియదు. తెలిసినా ఒప్పుకోడు. పంతొమ్మిదేళ్ళప్పుడు స్నేహితుడు అడిగాడని ఎవరిదో షట్టరు తాళం తీశావు. స్టేషన్లో బల్లమీద నేను కూర్చున్నాను. ఇకమీదట వీడి పూచీ నాదని సంతకం పెట్టాను. ఇప్పుడు నీకు ముప్ఫై నాలుగు. ఈసారి నా సంతకం ఎవరూ అడగరు.

ఆ మనిషి మంచిదే కావచ్చు. జడ దులిపించే యజమానిని చీపురుతో కొట్టాలి, కాదనను. కానీ తాళం సంగతి మళ్ళీ ఎత్తితే, వాన వచ్చేలా ఉందనో ఏదో ఒకటి చెప్పి మాట మార్చు.

అక్క


తాళాల కొట్టు, మేడమీద గది
శనివారం

అక్కకి,

మాట మార్చలేకపోయాను.

నీకు చెప్పకుండా నేనేదీ చేయలేదు, చెడ్డపని అయినా సరే. అందుకే రాస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టెయ్.

వచ్చే గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటకి. అప్పుడు దుకాణం భోజనానికి మూస్తారు. యజమాని ఇంటికెళ్ళి గంటన్నర పడుకుని వస్తాడు. తక్కెడ లోపలే ఉండి వెనక తలుపు గడియ తీస్తుంది. ఇనపగది తాళం నాకు పావుగంట పని. వెనకసందులో కారు పెట్టుకుని ఒకడు ఉంటాడు. వాడి పేరు బ్రేకు. బండి నడిపేటప్పుడు వాడు ముట్టుకోనిది అదొక్కటే కాబట్టి ఆ పేరు పెట్టారు.

ఒక సంచీ రాళ్ళు, అంతే. ఎవరికీ దెబ్బ తగలదు. తర్వాత ఎవరిదారిన వాళ్ళం విడిపోయి, నేనూ ఆమే నీ గదిలో కలుసుకుంటాం. నీ చిరునామా ఆమెకు ఇచ్చాను. కోప్పడకు. దాక్కోవడానికి ఈ లోకంలో నాకున్న చోటు అదొక్కటే.

మొన్న ఆమె నా వేళ్ళు పట్టుకుని చూసింది. "వీటికి రావలసిన పని రాలేదు" అంది. నిజమేనా అక్కా? పదిహేనేళ్ళుగా జనం పోగొట్టుకున్న తాళంచెవులు చేసిపెడుతున్నాను. ఎవరూ నా వేళ్ళు చూడలేదు.

నీ ప్రశ్న ఆమెనే అడిగాను. నన్ను చూసి వస్తున్నావా, నా చేతుల్ని చూసా అని. ఆమె నా చేతులు తిప్పి చూసింది. తర్వాత "విడదీసి చూడ్డం నాకు రాదు" అంది. ఈ జవాబు మంచిదో చెడ్డదో నువ్వు చెప్పు.

తమ్ముడు


జైలు ఆసుపత్రి, కిటికీ లేని వార్డు
ఆదివారం

అక్కకి,

దీన్ని వకీలు గారి గుమాస్తా చేతికిస్తున్నాను. ఆయన ద్వారా అయితే ఇక్కడెవరూ విప్పి చదవరు. నువ్వూ ఆయనకే ఇవ్వు.

కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఎలా విరిగిందో చెబుతాను, అందులో నీకేమైనా అర్థమైతే నాకు చెప్పు.

తాళం పన్నెండు నిమిషాల్లో వచ్చింది. సంచీ తీసి ఆమెకు అందించాను. చేతులు తాకాయి. ఆమె నవ్వింది కూడా. అప్పుడే వెనకసందులో పోలీసు ఈల వినబడింది. ఈల మోగేసరికే వాళ్ళు సందులోకి వచ్చేశారు, అంటే ముందునుంచీ కాచుకుని ఉన్నారన్నమాట. నేను కారుకేసి పరిగెత్తాను. బ్రేకు నన్ను చూశాడు. చూసి కూడా బండి వెనక్కి పోనిచ్చాడు. చక్రం నా కాలిమీదుగా వెళ్ళిపోయింది.

ఆమె వెనకసందులోకి రానేలేదు. ముందు తలుపు తీసుకుని, పనిబట్టల్లోనే, భోజనాలకి పోయే జనంలో కలిసిపోయిందట. ముందువైపు కూడా ఇద్దరు పోలీసులున్నారు. దుకాణం మనిషే కదా అని ఆపలేదట. లేకపోతే ఆపవద్దని వాళ్ళకు ముందే చెప్పి ఉన్నారా?

సంగతి తెలిసింది మా ముగ్గురికే. నేను చెప్పలేదు. బ్రేకు చెప్పాడనుకుంటే వాడెందుకు పారిపోతాడు? ఆమె చెప్పిందనుకుంటే ఎందుకు నవ్వింది? నవ్వింది కాబట్టే చెప్పిందా? పొద్దున్న ఒకలా అనిపిస్తుంది, మధ్యాహ్నం గంజి తెచ్చేసరికి ఇంకోలా అనిపిస్తుంది. పక్కమంచం ముసలాయన "ఆడమనిషి అయితే అదే" అంటాడు. ఆయన ముగ్గుర్ని పొడిచి వచ్చాడు, ఆయన మాటకి ఎంత విలువివ్వాలో తెలియడం లేదు.

ఆమె నీ దగ్గరికి వచ్చిందా?

తమ్ముడు


ఆసుపత్రి, బట్టల గది
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

సబ్బులు, మేజోళ్ళు, రెండు తువ్వాళ్ళు పంపుతున్నాను. కాలు కదపకు. ఇక్కడ ఎముకల డాక్టరుని అడిగాను. కుర్రతనం ఉంది, అతుక్కుంటుందన్నాడు. నువ్వు కుర్రాడివని ఆయనకు చెప్పింది నేనే.

ఎవరు చెప్పారు, ఎవరు చెప్పలేదు అని తవ్వుకుంటూ కూర్చోకు. తెలిసి మాత్రం ఏం చేస్తావు? ఆ ఎడంచేతివాటం మనిషి గురించి ఆలోచించి ఉన్న బుర్ర కూడా పాడుచేసుకోకు. నీ కాలు, నీ కేసు, నీ తిండి, ఈ మూడూ చూసుకో.

రోలరు బాగైంది. కొత్తగా ఒకామెను పనిలో పెట్టుకున్నాం. దుప్పట్లు బాగా మడుస్తుంది.

ఎవరూ రాలేదు.

అక్క


జైలు, రెండో బ్లాకు
బుధవారం

అక్కకి,

నన్ను వార్డునుంచి గదికి మార్చారు. కట్టుతోనే కుంటుతున్నాను.

బ్రేకు దొరికాడు. పెట్రోలు బంకులో పడుకుని ఉండగా పట్టుకున్నారట. నన్ను తొక్కించినందుకు ఏడుస్తున్నాడని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. సమాచారం ఇచ్చింది వాడు కాదని కూడా ఆయనే చెప్పాడు. "మంగళవారం సాయంత్రం ఫోనొచ్చింది. ఆడగొంతు. రోజు, టైము, వెనకసందు, అన్నీ చెప్పింది. ఇంకేం కావాలయ్యా నీకు?" అన్నాడు. పేరు చెప్పమంటే నవ్వాడు.

ఇంకేం కావాలి? ఏమీ అక్కర్లేదు. అంతా తెలిసిపోయిందనుకున్నాను. అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీశాను.

ఆమె ఎడంచేతివాటం అని నీకెలా తెలుసు?

నేను రాయలేదు. రాయడానికి నాకే తెలియదు. దుకాణంలో ఆమె పట్టకారు కుడిచేత్తోనే పట్టుకుంటుంది, యజమాని అలా అలవాటు చేశాడు. నా కొట్టులో ఎక్కువగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ గురువారం సంచీ అందుకోవడానికి ఎడంచేయి చాచినప్పుడు మొదటిసారి చూశాను. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

దుప్పట్లు బాగా మడిచే కొత్తామె ఎవరు అక్కా?

ఏమనుకోవాలో తోచడం లేదు. ఆమె ఫోను చేసి నన్ను పట్టించి, సంచీతో తిన్నగా నీ దగ్గరికి వచ్చిందా? వస్తే నువ్వెందుకు దాచావు? మీరిద్దరూ ఎప్పటినుంచి ఒకటి? తోబుట్టువు గురించి ఇలాంటి ఆలోచన వచ్చినందుకు చెంపలు వాయించుకున్నాను. అయినా వస్తూనే ఉంది.

ఆమె పథకంలో ఉందని, ఎక్కడుందో రాసి సంతకం పెడితే నా శిక్ష సగమవుతుందట. సోమవారం దాకా గడువిచ్చారు. ఈలోగా నిజం రాయి. శనివారం గుమాస్తా వస్తాడు.

తమ్ముడు


అక్క గది, కిటికీ దగ్గర
శుక్రవారం

తమ్ముడూ,

ఫోనులో వినబడ్డ ఆడగొంతు నాది.

పథకమంతా రాసిన నీ ఉత్తరం ఆ మంగళవారం అందింది. బట్టల గదిలో గోడకి ఫోను ఉంది కదా, పని అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి చేశాను. నీ మీద తుపాకీ పేలుతుందేమోనని భయపడ్డాను. ఆ డ్రైవరు నిన్ను చంపి పడేస్తాడేమోనని భయపడ్డాను. ఆవిడ నిన్ను వాడుకుని వదిలేస్తుందని నమ్మాను. "వాడు తాళం మీద చెయ్యి వేయకముందే పట్టుకోండి, అప్పుడైతే పెద్ద నేరం కాదు" అని బతిమాలాను. "అలాగేనమ్మా" అన్నారు. తాళం వచ్చేదాకా ఆగారు. దొంగతనం పూర్తయితేనే వాళ్ళకి పేరట.

ఫోను చేసిన రెండు రోజులకు, గురువారం రాత్రి, ఆవిడ నా తలుపు కొట్టింది. చేతిలో సంచీ, కాళ్ళకు పనిచెప్పులు. "వదినా, ఆయన వచ్చారా?" అంది. వదినా అని నన్ను ఎవరు పిలవమన్నారు? సాయంత్రం స్టేషనుకి ఫోను చేసి కనుక్కున్న నీ కాలు సంగతి చెప్పేసరికి, సంచీ గుమ్మంలోనే వదిలేసి "ఏ ఆసుపత్రి?" అంది.

సంచీ పట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. పోలేదు. నలభై రోజులుగా నా గదిలో నేలమీద పడుకుంటోంది. సంచీ సబ్బుపొడి డబ్బాలో ఉంది. "దాన్ని వదిలించుకుని వెళ్ళిపో" అంటే, "ఆయన్ని అడగకుండానా?" అంటుంది. పని ఇప్పించాను. ఎడంచేత్తో మడత వేస్తుంది. మొదటివారం అసహ్యించుకున్నాను. ఇప్పుడు ఆమె లేటుగా వస్తే గుమ్మంలోకి వెళ్ళి చూస్తున్నాను.

నీకు రాస్తానని రోజూ పోరు పెడుతుంది. నేనే వద్దన్నాను. ఆమె ఇక్కడుందని రాస్తే, ఫోను ఎవరు చేశారన్న ప్రశ్న వస్తుంది. ఆమెకూ ఆ సంగతి తెలియదు. "మనల్ని పట్టించినవాళ్ళు దొరికితే ఏం చేస్తావు?" అని ఓరోజు అడిగాను. దుప్పటి అంచు నా చేతికిచ్చి "పట్టుకో వదినా" అంది. అంతే.

సంతకం పెట్టకు. నా మీద ఎంత కోపమున్నా సరే, ఆమె మీద పెట్టకు.

అక్క


జైలు, రెండో బ్లాకు
బుధవారం

అక్కకి,

గుమాస్తాకి జ్వరమట. శనివారం రావలసినవాడు ఇవాళ వచ్చాడు.

నేను సోమవారమే సంతకం పెట్టాను.

శనివారమంతా, ఆదివారమంతా గేటు చప్పుడైనప్పుడల్లా లేచాను. నువ్వు జవాబు రాయలేదంటే అదే జవాబనుకున్నాను. ఇన్‌స్పెక్టరు కాగితం ముందుపెట్టి "ఎక్కడ ఉండొచ్చు?" అన్నాడు. నీ చిరునామా చెప్పాను. నా అక్క చిరునామా నా నోటితోనే చెప్పాను. 

నువ్వు నా కోసం నన్ను పట్టించావు. ఆమె నా కోసం ఆగిపోయింది. నేను మీ ఇద్దర్నీ పట్టించాను. దీన్ని ఎటునుంచి ఎటు చదివినా నాకు తలాతోకా తెలియడం లేదు. నీ మీద అరవాలని ఉంది. అరిచే మొహం నాకు లేదు.

ఈ ఉత్తరం అందేసరికి వాళ్ళు వచ్చి వెళ్ళిపోయి ఉంటారు. అయినా రాస్తున్నాను. వాళ్ళు రాకపోయి ఉంటే ఆమెను వెళ్ళిపొమ్మను. ఇప్పుడే.

తమ్ముడు


ఆసుపత్రి, బట్టల గది
ఆదివారం

తమ్ముడూ,

మంగళవారం మధ్యాహ్నం వచ్చారు. గదికి కాదు, ఇక్కడికే. నేనూ ఆమే చెరో అంచు పట్టుకుని దుప్పటి దులుపుతున్నాం. నలుగురు లోపలికి వచ్చారు. ఆమె అంచు వదల్లేదు. మడత పూర్తిచేసి బల్లమీద పెట్టి, అప్పుడు వాళ్ళకేసి తిరిగింది.

"ఈవిడకేం తెలీదండి. పనికోసం వచ్చానని చెప్పి ఈవిడ దగ్గర చేరాను. డబ్బాలో ఏముందో కూడా చూళ్ళేదు" అంది. నేను నోరు తెరిచాను. కళ్ళతోనే వద్దంది.

అప్పుడు ఇన్‌స్పెక్టరు నాకు దణ్ణం పెట్టాడురా. "మీకేం భయం లేదమ్మా. ఆరోజు మీరు ఫోను చేయకపోతే ఈ కేసే లేదు. మీ మీద ఏ కేసూ రాదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందరూ విన్నారు.

ఆమె నాకేసి చూసింది.  వెనక రోలరు తిరుగుతూనే ఉంది. తర్వాత "కాసేపు అది ఆపుతారా అండీ, తల నొప్పిగా ఉంది" అంది. అండీ అంది. నేను వెళ్ళి రోలరు ఆపాను. వెనక్కి తిరిగేసరికి ఆమెను తీసుకెళ్ళిపోతున్నారు.

ఇవాళ నీ వకీలు వచ్చాడు. ఆమె వాంగ్మూలం ఇచ్చిందట. పథకమంతా తనదేనట. యజమాని తాళం తీయించమన్నాడని నీకు అబద్ధం చెప్పిందట, నువ్వు నమ్మి వచ్చావట. నీకు ఏదీ తెలియదట. ఆమె ఎందుకు అలా చెప్పిందో వకీలుకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. మన ఇద్దరిలో ఒక్కరికీ అంత మంచి అందుకునే అర్హత లేదు.

కోర్టులో నిన్ను అడుగుతారు. ఏం చెప్పాలో నేను చెప్పను. నీ తరఫున నేను నిర్ణయించింది చాలు.

అక్క


జైలు, రెండో బ్లాకు
శుక్రవారం

అక్కకి,

సెలవు దొరకక నువ్వు రాలేకపోవడమే మంచిదైంది.

నిన్న నన్ను కోర్టులో ప్రవేశపెట్టారు. ఆమెను వేరే రోజు పిలుస్తారట, గదిలో లేదు. ఆమె వాంగ్మూలం చదివి వినిపించారు. ఆమె మాటలు కోర్టు గుమాస్తా గొంతులో వింటుంటే ఎవరో పరాయివాళ్ళ గురించి చదువుతున్నట్టుంది. రాత్రంతా అనుకుని వెళ్ళాను అక్కా. కాదు అని చెప్పాలని. తెలిసే తీశానని, ఇద్దరం కలిసే అనుకున్నామని. అద్దంలేని గోడముందు నిలబడి పదిసార్లు పలికి చూసుకున్నాను.

జడ్జి కళ్ళజోడు తీసి "ఈమె చెప్పింది" అని మొదలుపెట్టాడు. ప్రశ్న పూర్తి కాలేదు. నేను "నిజమేనండీ" అనేశాను. ఎలా వచ్చిందో తెలియదు. నా నోట్లోంచి నాకంటే ముందే వచ్చేసింది. ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని రాసుకున్నాడు.

వకీలు భుజం తట్టాడు. ఇప్పటిదాకా ఉన్న రోజులు తీసేస్తే ఇంకో ఎనిమిది నెలలేనట. ఆమెకు ఆరేళ్ళు పడొచ్చట. నేను భయస్థుణ్ణా, అలసిపోయానా, ఆమె ఇచ్చింది తీసుకోకపోతే ఆమెను అవమానించినట్టని అనుకున్నానా? మూడోది ఇప్పుడు రాస్తుంటే తట్టింది. అప్పుడు తట్టలేదు.

ఆమె దగ్గరికి వెళ్ళు. నా గురించి ఏం చెబుతావో నీ ఇష్టం.

తమ్ముడు


అక్క గది
ఆదివారం

తమ్ముడూ,

ఆడవాళ్ళ జైలుకి నాలుగు వారాలు వరసగా వెళ్ళాను. మూడు వారాలు ఆమె బయటికి రాలేదు. బల్లమీద కూర్చుని, టైమైపోయిందని వాళ్ళు చెప్పగానే లేచి వచ్చేశాను. ఇవాళ వచ్చింది.

జుట్టు కత్తిరించేసుకుంది. కాస్త చిక్కింది. ఇద్దరి మధ్యా ఇనపతీగల జాలీ ఉంది. ఏదో ఒకటి అడుగుతుందని, తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకున్నాను. నేను మొదలుపెట్టకముందే ఆమె మాట్లాడింది. బట్టల గదిలో కొత్తగా ఎవరు చేరారని అడిగింది. ఎవరూ లేరు, నేనే మడుస్తున్నానన్నాను. ఒక్కదానివే మడిస్తే అంచులు కలవవు అంది.

వాచీ చూసుకుంటూ కాపలామనిషి మా దగ్గరికి వచ్చింది. అది చూసి ఆమె జాలీకి మొహం ఆనించి, మెల్లిగా అడిగింది.

"జడ్జి అడిగినప్పుడు ఆయన ఎంతసేపు ఆలోచించారు?"

నేను కోర్టులో లేనని ఆమెకు తెలియదు. నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది.

"చాలాసేపు" అన్నాను. "జడ్జి రెండోసారి అడగాల్సి వచ్చింది."

ఆమె తలూపి, లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు బయటికి వచ్చాక ఆమెను చూడడానికి వెళితే, ఇదే చెప్పు.

అక్క